మన బొగ్గును లండన్‌ల బేరం పెట్టిన దొర

యేటా డిసెంబర్ 23 వస్తే కొత్తగూడెం కళకళలాడ్తది. ఆ రోజు సింగరేణి డే. హెడ్డాఫీసు కాడ జెండా ఎగరేస్తరు, మైకుల పాటలు పెడ్తరు, ఉత్తమ కార్మికులకు శాలువాలు కప్పుతరు. 1920ల ఇదే రోజున సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టిందని పెద్దలు వేదిక మీద చెప్తరు. మంచిదే. కానీ ఎల్లందుల బొగ్గు తవ్వుడు అంతకు ముప్పై ఏండ్ల ముందే షురువైంది. మరి ఆ ముప్పై ఏండ్లు గనులు ఎవ్వరియి? లండన్‌ల ఉన్న ఒక కంపెనీవి. మన కాళ్ల కింది బొగ్గు ఆ కంపెనీ చేతికి ఎట్ల వోయింది?

గీ ప్రశ్న వెంట పోతే ఒక మనిషి కాడ ఆగుతం. పేరు అబ్దుల్ హక్. నిజాం ఇచ్చిన బిరుదు సర్దార్ దిలేర్ జంగ్. ఇంగ్లీషోళ్లు సీఐఈ అనే బిరుదు కూడ ఇచ్చిన్రు. ఆ కాలంల హైదరాబాద్‌ల, బొంబాయిల, లండన్‌ల ఈయన పేరు తెల్వని పేపరు లేకుండె. ఇయ్యాల మన బెల్టుల పిలగాండ్లను అడిగితే వందల ఒక్కరు గూడ చెప్పలేరు. అందుకే ఈయన కథ జర ఓపికతోని చదువున్రి. గిది పాత రాజుల ముచ్చట అనుకునేరు. మన ముచ్చటే.

ముందు ఇంకో మనిషి గురించి నాలుగు మాటలు. గదే కాలంల అమెరికాల, న్యూయార్క్ పట్నంల విలియం ట్వీడ్ అని ఒకడుండె. 1823ల పుట్టిండు. నాయిన కుర్చీలు చేసేటాయన. ట్వీడ్ ముందుగాల మంటలార్పే దండుల లీడరైండు, తర్వాత వార్డు మెంబరు, తర్వాత టామనీ హాల్ అనే పార్టీ జమాతుకు పెద్ద. అందరు బాస్ ట్వీడ్ అనేటోళ్లు. పేదోళ్లకు చలికాలం బొగ్గు పంచేది ఈయన మనుషులే, నౌకర్లు పెట్టించేది వీళ్లే, ఓట్లేయించుకునేది వీళ్లే. ఒక చలికాలంల తన వార్డు పేదోళ్లకు 50,000 డాలర్లు దానం జేసిండు. ఇంకో చేత్తోటి సర్కారు ఖజానా ఊడ్సిండు. రెండున్నర లక్షల డాలర్లల్ల కట్టాల్సిన కోర్టు బిల్డింగు ఖర్చు కోటి దాటింది. గిలాబు పని కాంట్రాక్టరు ఒకాయనకు రెండు రోజుల పనికి 1,33,187 డాలర్ల బిల్లు పాసైంది. 1871ల లెక్కల పుస్తకం నకళ్లు పేపరోళ్ల చేతిల పడ్డయి. అంకెలకు అంకెలు అచ్చేసిన్రు. బొమ్మలేసే థామస్ నాస్ట్ వారం వారం ట్వీడ్‌ను గీసి చదువు రానోళ్లకు గూడ దొంగ ఎవడో చూపిచ్చిండు. ట్వీడ్ జైలుకు వోయిండు, తప్పించుకొని స్పెయిన్ దాక ఉరికిండు, మళ్ల దొరికిండు. 1878ల జైల్లనే సచ్చిపోయిండు.

ట్వీడ్ సచ్చిన ఐదేండ్లకు మన హైదరాబాద్ రాజ్యంల హక్ సాబ్ ఆట షురువైంది. ట్వీడ్‌కు ఓట్లు కావాల్సొచ్చినయి. మన దగ్గర ఓట్లే లేవు. దర్బారుల నలుగురు, రెసిడెన్సీల ఇద్దరు, లండన్‌ల కొందరు సేట్లు ఒక మాట మీద ఉంటే చాలు, రాజ్యమంత కుదువ పెట్టొచ్చు.

బొగ్గు ముచ్చట ముందు. 1871ల జియలాజికల్ సర్వే డాక్టర్ విలియం కింగ్ ఎల్లందు దిక్కు అడవిల బొగ్గు పొరలున్నయని తేల్చిండు. అంతకు ముందే భద్రాచలం పొయ్యే యాత్రికులు రాళ్ల పొయ్యి పెట్టి వండుకుంటుంటే రాళ్లే అంటుకున్నయని మనోళ్లు కథగ చెప్పుకుంటరు. పక్కనున్న ఊరు సింగరేణి. ఆ ఊరి పేరే తర్వాత గనులకు, కంపెనీకి, మన బతుకులకు వడ్డది. అయితే బొగ్గు దొరికితే సరిపోదు. ఎడ్ల బండ్ల మీద బొగ్గు ఎంత దూరం పోతది? రైలు కావాలె. అప్పటికి నిజాం రాజ్యంల రైలు వాడి నుంచి సికింద్రాబాద్ దాకనే ఉండె. అది 1874ల వడ్డది. ఎల్లందుకు ఆ పట్టా ఇంక మస్తు దూరం.

గప్పుడు రాజ్యాన్ని నడిపేది దివాన్ మొదటి సాలార్ జంగ్. చదువుకున్నోళ్లను, ఇంగ్లీషు వచ్చినోళ్లను బయటి నుంచి పిలిపిచ్చి పెద్ద కొలువులు ఇచ్చిండు. ముల్కీ, గైర్ ముల్కీ అనే పంచాయితి ఆనాడే మొలిచింది. అట్ల నిజాం కొలువుకు బయటి నుంచి వచ్చి చేరినోళ్లల్ల అబ్దుల్ హక్ ఒకడు. మనిషి చురుకు. ఇంగ్లీషు దొరలతోని ఎట్ల కూసోవాలె, ఏం మాట్లాడాలె, కాయితం మీద ఏ అక్షరం కాడ ఆగాలె, అన్నీ తెల్సు. హైదరాబాద్ అమీర్లు చానమంది లండన్ సేట్ల లెక్కలంటే భయపడేటోళ్లు. హక్‌కు ఆ భయం లేకుండె. ఎవ్వలకు రాని విద్య ఒక్కనికే వస్తే వాడే పెద్దోడైతడు. మెల్లగ హోం సెక్రటరీ దాక ఎదిగిండు.

1883 ఫిబ్రవరిల సాలార్ జంగ్ అకస్మాత్తుగ కన్నుమూసిండు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అప్పటికి పదహారేండ్లు. పట్టం మీద పిలగాడు, దివాన్ కుర్చీ ఖాళీ, పెద్దోళ్ల నడుమ కొట్లాట. సరిగ్గ గదే ఏడు రైలును లండన్ కంపెనీ చేతిల పెట్టే ఒప్పందం నడిచింది. నిజాం తరఫున లండన్‌ల కూసోని బేరమాడింది హక్. ఆ ఏడు చివరికి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ నిలవడ్డది. గ్యారంటీడ్ అన్న మాటలనే గుట్టంత ఉన్నది. రైలు నడిచినా నడవకపోయినా, లాభం వచ్చినా రాకపోయినా, లండన్ వాటాదారులకు ఇరవై ఏండ్లు ఏటా 5 శాతం నిజాం ఖజానా నుంచి కట్టాలె. నష్టం మనది, భరోసా వాళ్లది. ఆ కంపెనీ బోర్డుల నిజాం సర్కారు తరఫున డైరెక్టరుగ కూసున్నది గూడ హక్ సాబే.

జనం ఊకున్నరా అంటే అందరు ఊకోలేదు. 1883ల హైదరాబాద్ చదువుకున్నోళ్లు కొందరు ఒక్కటైన్రు. సరోజినీ నాయుడు నాయిన అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం అండ్ల ముందున్నరు. వాళ్లు అడిగింది పెద్దదేం గాదు. చాందా రైలు ఒప్పందంల ఏం రాసిన్రో జనానికి చెప్పున్రి, జనంతోని మాట్లాడినంకనే సంతకం పెట్టున్రి అన్నరు. గంతే. గా మాటకు అఘోరనాథ్‌ను రాజ్యం నుంచే ఎళ్లగొట్టిన్రు. ఖయ్యూం కొలువు ఊడింది. మన గడ్డ మీద ఒక కాంట్రాక్టు కాయితం చూపించుమని జనం అడిగిన మొదటి పోరాటాలల్ల గిది ఒకటి. మన పాఠం పుస్తకాలల్ల దీనికి దొరికింది ఒక్క లైను.

రైలు కుదిరింది. ఇగ బొగ్గు వంతు.

1886 జనవరి 7 నాడు నిజాం సర్కారు వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు వ్యాపారులకు గనుల హక్కు రాసిచ్చింది. ఒక్క ఎల్లందు బొగ్గు కాదు, రాజ్యం మొత్తంల గనులు తవ్వే గుత్త హక్కు. 99 ఏండ్లకు. లెక్కేసుకో తమ్మీ, ఆ కాయితం అట్లనే నడిస్తే 1985 దాక మన భూమి కింద ఏమున్నా వాళ్లదే. సర్కారు తరఫున ఈ బేరం నడిపింది కూడ హక్. ఆ హక్కును పట్టుకొని వాళ్లిద్దరు లండన్‌ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టిన్రు.

ఇప్పుడు అసలు తమాషా చూడున్రి. కంపెనీ పెట్టుబడి పది లక్షల పౌండ్లు అని ప్రకటించిన్రు. పది పౌండ్ల వాటాలు ఒక లక్ష. వినడానికి ఎంత పెద్దగున్నది! అండ్ల 85,000 వాటాలు హక్కు సంపాదించినోళ్లకే పోయినయి. పైసలు మొత్తం కట్టినట్టు రాసి ఇచ్చిన్రు. వాళ్లు కట్టింది ఏమన్నా ఉన్నదా? ఏం లేదు. నిజాం నుంచి తెచ్చిన కాయితమే వాళ్ల పెట్టుబడి. మిగిలిన 15,000 వాటాల మీద ఒక్కొక్కదానికి ఐదేసి పౌండ్లు వసూలు చేసిన్రు. అంటే గని తవ్వడానికి నిజంగ వచ్చిన సొమ్ము 75,000 పౌండ్లు. పది లక్షలల్ల డెబ్బై ఐదు వేలు. రూపాయిల ఏడున్నర పైసలు. మిగిలిన తొంభై రెండున్నర పైసలు ఉత్త గాలి.

కానీ ఆ గాలికి లండన్ బజార్ల రేటున్నది. నిజాం రాజ్యం బొగ్గు, బంగారం, వజ్రాలు అని ఊరంత ఊదరగొడితే వాటా ధర లేస్తది. లేసినప్పుడు అమ్ముకోవాలె. గని నుంచి తట్టెడు బొగ్గు బయటికి రాకముందే వాళ్ల జేబులు నిండుతయి. గా గాలి వాటాలల్ల లోపాయికారిగ ఒక పాలు హక్ సాబ్‌ది. అమ్మేటోని తరఫున బేరమాడేది ఆయనే. కొనేటోనితోని పొత్తు కూడిందీ ఆయనే. మన సంతల ఎడ్ల బేరం చూసినోళ్లకు ఇది జల్ది సమజైతది. తువ్వాల కింద యేళ్లు పట్టుకునే దళారి అటు రైతు మనిషినంటడు, ఇటు కొనేటోని దగ్గర కమీషను ముందే తీసుకుంటడు. ఆఖరికి మునిగేది రైతే.

అక్కడ గూడ ఆగలేదు. కొన్నాళ్లకు నిజాం సర్కారు కూడ ఆ కంపెనీల వాటాలు కొనాలె అనే మాట లేచింది. మన గనిల మనకు పాలుండాలె కదా అన్న వాదం పైకి ఎంత సక్కగున్నది! కొనే పని హక్‌కు అప్పజెప్పిన్రు. ఆయన లండన్ బజార్ల కొన్నట్టు చూపిచ్చి, ముఖ విలువకు మించిన ధరకు తన వాటాలనే సర్కారుకు అంటగట్టిండు. రాజ్యం తన భూమి హక్కును ఉత్తగ ఇచ్చింది. అదే హక్కుల ముక్కను ఎక్కువ ధరకు తిరిగి కొనుక్కున్నది. నడుమ పైసలు దళారి సంచిల వడ్డయి.

గిసొంటియి ఎక్కువ దినాలు దాగవు. 1888ల గుట్టు రట్టైంది. అప్పటికి దివాన్ ఆస్మాన్ జా. హక్‌ను కొలువు నుంచి పక్కన పెట్టిన్రు. లండన్ పార్లమెంటుల లొల్లి లేచి, కామన్స్ సభ ఒక సెలెక్ట్ కమిటీ వేసింది. నిజాం సర్కారు తన తరఫున మొహ్సిన్ ఉల్ ముల్క్ మెహదీ అలీని సముద్రం దాటించి పంపింది. సాక్ష్యాలు, తార్లు, వాటాల పట్టీలు అన్ని బయటికి తీసిన్రు. ఎవ్వరికి ఎన్ని వాటాలు పోయినయో, ఏ కాయితం మీద ఎవ్వరు సంతకం పెట్టిన్రో అచ్చుల వచ్చింది. హక్ సాబ్ హోం సెక్రటరీ కుర్చీ పోయింది, దర్బారుల ఇజ్జతు పోయింది. దిలేర్ జంగ్ పేరు చెప్తే సలాం కొట్టినోళ్లే మొకం తిప్పుకున్నరు. మళ్ల ఆయన రాజ్యం నడిపే కాడికి రాలేదు.

అయితే ఇక్కడ నిజాయితీగ ఇంకో మాట చెప్పాలె. తప్పంత ఒక్క హక్ మీదికి తోసేస్తే లెక్క సరిపోదు. ఒప్పందం మీద ఇంగ్లీషు సర్కారు నిఘా ఉండె. హైదరాబాద్‌ల రెసిడెంట్ ఉండె, లండన్‌ల ఇండియా ఆఫీసు ఉండె. వాళ్ల కండ్ల ముందటనే గదంత నడిచింది. గాలి వాటాలు అమ్ముకున్న సేట్లు లండన్‌ల దర్జాగనే బతికిన్రు. ట్వీడ్ జైల్ల సచ్చిండు గానీ ఈ బేరంల ఎవ్వరు జైలు గోడ చూడలే. నల్ల మొకమోడు దొంగగ మిగిలిండు, తెల్ల మొకమోళ్లు పెట్టుబడిదారులుగ మిగిలిన్రు. హక్ తెలివిగల్లోడు, రైలు తెచ్చిండు అని ఆయనను యెనకేసుకొచ్చినోళ్లు అప్పుడూ ఉన్నరు. రైలైతే వచ్చింది, కాదనలేం. 1889కి పట్టా బెజవాడ దాక పోయింది. డోర్నకల్ కాడ చీలి ఎల్లందు గనులకు వోయిన లైను మీదనే మన బొగ్గు బయట ప్రపంచం చూసింది. ఎవ్వడన్నా రైలు తేవాల్సిందే. కానీ తెచ్చినోడు రెండు దిక్కులా కూసోని తేవాల్సిన అవసరం లేకుండె.

అన్నిటికన్నా నాకు కష్టమనిపించేది ఇది. కమిటీ విచారణ అయింది, హక్ పోయిండు. మరి గనుల హక్కు వాపసు వచ్చిందా? రాలేదు. కంపెనీ అట్లనే ఉన్నది. ఎల్లందుల తవ్వకం సాగింది. అటు రాయచూరు దిక్కు హట్టిల బంగారం గూడ అదే కంపెనీ తవ్వింది. దళారి ఓడిపోయిండు, దళారి చేసిన బేరం మాత్రం గెలిచింది. లండన్‌ల అంత లొల్లి జరిగితే అది ఎవ్వరి గురించి? వాటాదారులు మోసపోయిన్రా, నిజాం మోసపోయిండా అని. ఎల్లందు అడవిల ఉన్న కోయోళ్లు, లంబాడోళ్లు, పొట్ట చేత పట్టుకొని బాయిల దిగిన కూలోళ్లు ఆ పంచాయితిల ఎక్కడ లేరు. వాళ్ల నెత్తి మీది బేరం గురించి వాళ్లను ఒక్క మాట అడిగినోడు లేడు.

ఆ గనులు మళ్ల మన చేతికి రావడానికి చానా కాలం పట్టింది. 1920ల సింగరేణి కాలరీస్ పేరుతోని కొత్త కంపెనీ రిజిస్టరైంది. 1945ల నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొని దాన్ని తన కిందికి తెచ్చుకున్నది. ఒక్క సంతకంతోని 1886ల పోయింది తిరిగి రావడానికి 59 ఏండ్లు. అది గూడ ఉత్తగ రాలేదు, పైసలు కట్టి కొనుక్కుంటే వచ్చింది. ఇయ్యాల కంపెనీల తెలంగాణ సర్కారుకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం. మన తాతలు, నాయినలు తట్ట, చెమ్మస్ పట్టి నడిపిన కంపెనీ ఇది.

ఇప్పుడు మన కాలానికి రాన్రి. 2020 నుంచి బొగ్గు బ్లాకుల వేలం నడుస్తున్నది. 2021 డిసెంబర్ 9, 10, 11 తారీకుల్ల మన బెల్టంత మూడు దినాలు సమ్మె జేసింది. కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణిఖని బ్లాకులు వేలంల పెట్టొద్దని అన్ని యూనియన్లు ఒక్కటై నిలవడ్డయి. ఆ సమ్మెల జెండా పట్టుకొని నడిచిన పిలగాండ్లు నాకు ఎరుకే. వాళ్లను ఒక ముచ్చట అడిగిన. వేలం షరతులు చదివిన్రా అని. తల దించుకున్నరు. నేను వాళ్లను తప్పు పట్టలే. నేను గూడ పదో తరగతితోని బడి బంద్ జేసినోన్నే. కంపెనీ లెక్కలు, టెండరు కాయితాలు చదువుడు నాకు ఎవ్వరు నేర్పలే. తప్పులు చదువుకుంట, తెలిసినోళ్లను అడుక్కుంట నేర్చుకున్న.

హక్ సాబ్ కథ నుంచి నేను తీసుకున్నది ఇదే. దోపిడి గనిల జరగది. గనిల జరిగేది కష్టం. దోపిడి కాయితం మీద జరుగుతది, తట్టెడు బొగ్గు లేవకముందే అయిపోతది. గా కాయితం మనకు అర్థంకాని భాషల ఉంటది, మనం పోలేని ఊర్ల తయారైతది. అది చదవచ్చినోడు ఒక్కడే ఉంటే వాడు దొరైతడు. హక్ దొరైంది బందూకు పట్టి గాదు, కాయితం చదివి. ట్వీడ్‌ను కూలగొట్టింది గూడ కాయితమే. లెక్కల పుస్తకం పేపర్ల ఎక్కినంకనే ఆయన కింద వడ్డడు. 1883ల అఘోరనాథ్ వాళ్లు మొత్తుకున్నది గూడ గా కాయితం చూపమనే. అప్పుడే చూపిచ్చి ఉంటే 1888ల లండన్ దాక పోవాల్సిన పని పడకపోవు.

అఘోరనాథ్‌కు లేని వసతి మనకున్నది. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉన్నది, పది రూపాయల ఫీజు. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉన్నది. గనులతోని నష్టపోయిన ఊర్లకు ఖర్చు పెట్టాల్సిన సొమ్ము అది. మీ ఊరికి ఎంత వచ్చింది, దేనికి పెట్టిన్రు, ఆ పని ఏ కాంట్రాక్టరు చేసిండు, ఓబీ మట్టి తీసే టెండరు ఎంతకు పోయింది, టెండరు ఇచ్చినోనికీ తీసుకున్నోనికీ చుట్టరికం ఏమన్నా ఉన్నదా, అడుగున్రి. ఫోన్ల రీల్స్ చూసుడుల నుంచి వారానికి ఒక గంట తీయున్రి. నలుగురు కూసోని ఒక్క కాయితం చదవున్రి. సమజు గాని మాట కాడ ఆగి, తెలిసినోళ్లను అడగున్రి. అర్థమైనంక ఊర్ల పది మందికి మన మాటల చెప్పున్రి.

వచ్చే డిసెంబర్ 23న వేదిక కాడికి పోతరు కదా. శాలువాలు కప్పినంక, పాటలు అయినంక, పక్కనున్న చెల్లెకో తమ్మునికో ఒక్క ముచ్చట చెప్పున్రి. 1920 కన్నా ముందు మన బొగ్గును లండన్‌ల ఒక దొర బేరం పెట్టిండని, ఆ కాయితం చూపించుమన్న అఘోరనాథ్‌ను ఊరవతలకు తోలిన్రని, ఆయన అడిగిన ప్రశ్న ఇప్పుడు మనం అడగాల్సి ఉన్నదని.